వరంగల్ పాత హోటళ్ళు, కొత్త రెట్రో బార్లు: ఒక వడ్రంగి చూపు

ప్రభుత్వ ఐటీఐలో వడ్రంగం నేర్పి రిటైరైనవాణ్ణి. ఏ హోటలుకు వెళ్ళినా నా చేయి ముందు బల్ల అడుగుభాగానికి పోతుంది. పైభాగాన్ని ఎవరైనా మెరిపించగలరు. అడుగున మాత్రం రంపం గీతలు, చిత్రిక పట్టని చోట్లు, అతుకులు, తుప్పు పట్టిన మరలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ బల్ల ఎప్పటిదో, దాన్ని ఎవరు బాగుచేశారో అక్కడే తెలుస్తుంది.

కొంతకాలంగా మా వైపు పాతకాలం అలంకరణతో రెస్టారెంట్లు, బార్లు వరసగా తెరుస్తున్నారు. మా అబ్బాయికి అవంటే ఇష్టం. నాకేమో వాడుకలోనే పాతబడిన హోటళ్ళంటే ఇష్టం. వాడు చూపించినవి నేను, నేను చూపించినవి వాడు చూడాలని ఒప్పందం చేసుకుని వరంగల్, హనుమకొండ, కాజీపేటలతో మొదలుపెట్టి రైలు దారి వెంట కాగజ్‌నగర్ దాకా తిరిగాం.

వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు ఇరానీ పద్ధతిలో నడిచే ఒక చాయ్ హోటల్ ఉంది. పేరు రాయడం లేదు. రద్దీ పెరిగితే చాయ్ పలచబడుతుందని యజమాని భయం, ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. ఇనుప కాళ్ళ మీద తెల్ల పాలరాతి పలకలు, కింద ఎర్ర గచ్చు, గోడకు అంచులు నల్లబడిన అద్దాలు, గల్లాపెట్టె పక్కన గాజు సీసాల్లో ఖారా బిస్కెట్లు, ఉస్మానియా బిస్కెట్లు. ఇదంతా హైదరాబాద్‌లో చూసినవాళ్ళకు తెలిసిన సరంజామాయే. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చిన కుటుంబాలు నిజాం కాలంలో హైదరాబాద్‌లో హోటళ్ళు పెడితే, ఆ పద్ధతిని చూసి నేర్చుకున్నవాళ్ళు రైలు ఆగే ఊళ్ళకు తెచ్చారు. బల్లకు పాలరాయి ఎందుకంటే చాయ్ ఒలికితే ఒక తుడుపుతో పోతుంది, చెక్కయితే మరక తాగుతుంది.

నేను ఆ హోటలుకు వెళ్ళేది కుర్చీల కోసం. వీపు దగ్గర గుండ్రంగా వంగి, కూర్చునే చోట పేము అల్లిన సన్నటి కుర్చీలు. వీటి మూలం వియన్నాలో ఉంది. మైకేల్ థోనెట్ అనే వడ్రంగి 1859లో తయారుచేసిన పద్నాలుగో నంబరు కుర్చీ ఇది. బీచ్ చెక్క కడ్డీలను ఆవిరిలో మెత్తబరచి, వంపు బయటివైపు లోహపు పట్టీ బిగించి వంచుతారు. పట్టీ లేకపోతే బయటి నార తెగి చెక్క చీలిపోతుంది. ఆ పట్టీ ఆలోచనలోనే ఆయన గొప్పతనమంతా ఉంది. మొత్తం కుర్చీ ఆరు ముక్కలు, పది మరలు, రెండు నట్లు. విడదీసి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పడతాయి. ఓడలో తేలిగ్గా వస్తాయి కాబట్టే యూరప్ నుంచి బొంబాయికి, అక్కడి నుంచి దేశమంతటికీ పాకాయి. ట్రైనీలకు ఈ కుర్చీ బొమ్మ గీసి చూపించడం నాకు చాలా సంతోషంగా ఉండేది. అతుకులు తగ్గించడమే బలం అని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

ఈ హోటల్లో ఉన్నవన్నీ విదేశీ కుర్చీలు కావు. వంపు దగ్గర నార చూస్తే తేడా తెలిసిపోతుంది. ఆవిరిలో వంచిన చెక్కలో నార కూడా వంపు వెంటే తిరుగుతుంది. వెడల్పు పలకలోంచి వంపుగా కోసిన చెక్కలోనైతే నార తిన్నగా పోయి అంచు దగ్గర తెగుతుంది, ఎప్పటికైనా అక్కడే విరుగుతుంది. ఇక్కడ రెండు రకాలూ ఉన్నాయి. కొన్నింటికి వెనక కాలు మాత్రం టేకు. ఎప్పుడో విరిగితే ఊరి వడ్రంగి కొత్త కాలు చెక్కి, వంపు సరిపోల్చి, లక్క పాలిష్‌తో రంగు కలిపాడు. ఎవరో తెలియని ఆ మనిషి పనితనం చూసి చాలాసేపు ఆ కుర్చీని వదలలేకపోయాను.

"సార్, అది మా నాన్న ఉన్నప్పుడు చేయించింది. కొత్తది కొంటే ఇంకా చవకే అయ్యేది" అన్నాడు యజమాని.

"మరి ఎందుకు కొనలేదు భాయ్?"

"ఇదే కూర్చోవడానికి బాగుంటుందని మా గిరాకీలు ఒప్పుకోలేదు."

చాయ్ సంగతికొస్తే, డికాక్షన్ వేరు, పాలు వేరు. డికాక్షన్ రాగి పాత్రలో మూత కింద సన్నటి మంట మీద దమ్ మీద ఉంటుంది. పాలు పక్కన గంటల తరబడి కాగి చిక్కబడతాయి. కప్పులో ముందు డికాక్షన్, పైన పాలు. రాగి పాత్రకు లోపల తగరం పూత లేకపోతే అందులో వండకూడదు. పాత్రను వేడిచేసి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా రుద్దే కళాయి పనివాళ్ళు ఒకప్పుడు వీధివీధికీ వచ్చేవారు. ఇప్పుడు ఈయన తన పాత్రను హైదరాబాద్ పంపించి పూత వేయించుకుంటున్నాడు. అది తిరిగి వచ్చేదాకా రెండో పాత్రతో నడుపుతాడు. కళాయి మనిషి దొరక్క స్టీలు పాత్రకు మారిన హోటళ్ళను నేను తప్పుపట్టను కానీ, ఈయన పట్టుదలకు మాత్రం నమస్కారం పెడతాను. చాయ్ తాగి బయటికి వచ్చాక మా అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న, "బాపూ, ఈ కుర్చీలు ఎక్కడైనా అమ్ముతారా?"

కాజీపేటలో నాకు ఎక్కువ దొరుకుతుందనుకున్నాను. బెజవాడ దాకా రైలు దారి 1889 నాటికే పూర్తయింది. 1929లో కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైను కలిసిన తర్వాత ఢిల్లీ, మద్రాసుల మధ్య బళ్ళు ఈ జంక్షన్ మీదుగానే నడిచాయి. అంత రాకపోకలున్న చోట తిండి హోటళ్ళకు కొదవ ఉండదు. స్టేషన్ బయట పాత ఇడ్లీ, పూరీ హోటళ్ళు ఒకటి రెండు పెంకుల కప్పుతో మిగిలాయి, తక్కినవి కాంక్రీటు భవనాలయ్యాయి. మిగిలినవాటిలో ఒకదానిలో గల్లాపెట్టె వెనక చేతులు బారుగా చాచిన టేకు కుర్చీ ఉంది. దాని వెనక పలక మీద ఇనుము కాల్చి వేసిన ఎన్.ఎస్.ఆర్. అనే మూడు అక్షరాలు. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను కంపెనీ చేతిలోంచి తీసుకున్న తర్వాత నిజామ్స్ స్టేట్ రైల్వే అయింది. 1951లో అది భారత రైల్వేలో కలిసింది. కుర్చీ ఆ రెండు సంవత్సరాల మధ్యదని అక్షరాలే చెబుతున్నాయి. వేలంలో కొన్నారట. ఇప్పటికీ దాని మీద కూర్చునే లెక్కలు రాసుకుంటున్నారు.

బార్ల విషయంలో మా అబ్బాయి ఒక మంచి ప్రశ్న వేశాడు. చాయ్ హోటళ్ళు పాతవి దొరుకుతున్నాయి, పాత బార్లు ఎందుకు దొరకవు? అలవాట్లు మారాయి, స్థలాల ధరలు పెరిగాయి. ఆ రెండు కారణాలతో పాటు సంపూర్ణ మద్యనిషేధం కూడా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా వ్యాపించి, 1993లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం మద్యాన్ని పూర్తిగా నిషేధించింది. 1997లో ఎత్తేశారు. ఆ పోరాటం న్యాయమైనదే, మా ఇళ్ళలోనూ అప్పుడు చాలామంది ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఒక హోటలు వయసు లెక్కపెట్టేటప్పుడు ఆ మధ్య కాలం పెద్ద ఖాళీ. బార్లు మూతపడ్డాయి, కొన్ని బట్టల దుకాణాలయ్యాయి, బల్లలు, అల్మరాలు కట్టెల అడితికి చేరాయి. తిరిగి తెరిచినప్పుడు నల్ల అద్దాలు, రెక్సిన్ సోఫాలు, ఎర్ర బల్బులు, చెక్క అడ్డుగోడలతో ఫ్యామిలీ సెక్షన్లు వచ్చాయి. ఇప్పుడు మనకు పాత బార్ అనిపించేది ఆ రూపమే.

అంతకన్నా పాతది మా ప్రాంతంలో ఒకటి ఉంది. తాటివనం కింద మండువ, అంటే కల్లు తాగే చోటు. దానికి గోడలు లేవు, బోర్డు లేదు. జనగామ దారిలో మిత్రుడి ఊళ్ళో పొద్దున్నే వెళితే గీత కార్మికుడు చెట్టు దిగి మోకు విప్పకముందే లొట్టిలోంచి వంచుతాడు. తాటాకును మడిచి దొప్పలా చేసిన రేకను రెండు చేతులతో పట్టుకుని తాగాలి. పొద్దుటి కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. నేను మద్యం ముట్టను కానీ కాలం వచ్చినప్పుడు చెట్టు కల్లు తాగుతాను. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసిన శనగ గుడాలు. ఆ రేకకు కడిగే పని లేదు, దాచే పని లేదు, తాగాక మేకలు తింటాయి. ఇంత సరిగ్గా కుదిరిన పాత్రను ఏ వడ్రంగీ, ఏ కుమ్మరీ చేయలేడు.

ఇక హనుమకొండలో కొత్తగా వచ్చిన రెట్రో బార్లు. రెండు చూశాం, రెండూ నక్కలగుట్ట, సుబేదారి వైపే. ఒకదానిలో పాత బజాజ్ చేతక్ స్కూటరును గోడకు బిగించి దాని మీద మొక్కలు పెట్టారు. అంబాసిడర్ ముందు భాగం కోసి కౌంటరు చేశారు. పాత సినిమా పోస్టర్లు, లాంతర్లు, గ్రామఫోను. ఇవి చూసి సంతోషించేవాళ్ళను నేను కాదనను. మొదటి జీతంతో స్కూటరు కొన్న మనిషి దాని ముందు నిలబడి మనవరాలికి కిక్ కొట్టే తీరు చూపిస్తుంటే నేనూ ఆనందించాను.

కానీ అక్కడి బల్లలు చూసి ఆగిపోయాను. రైలు పట్టాల కింద వేసే పాత స్లీపర్ చెక్కలను కోసి, వరసగా పేర్చి, పైన వార్నిష్ కొట్టారు. చూడటానికి గంభీరంగా ఉన్నాయి. మేకు రంధ్రాలు, పట్టా ఒత్తిడికి పడిన గుంటలు కూడా వదిలేశారు. చెక్క స్లీపర్లు చెదలు పట్టకుండా, కుళ్ళకుండా ఉండటానికి వాటికి క్రియోసోట్ అనే తారునూనెను ఒత్తిడితో లోపలిదాకా ఎక్కిస్తారు. అది చర్మానికీ ఊపిరికీ మంచిది కాదు. పై పొర చిత్రిక పట్టినా లోపల ఉంటుంది, ఎండాకాలం వేడికి వాసన వస్తుంది. అన్నం తినే బల్లకు ఆ చెక్క పనికిరాదు. మేనేజరును పిలిచి నెమ్మదిగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, కానీ పెట్టిన ఖర్చు గురించి చెప్పాడు. పైన గాజు పలకైనా వేయించమన్నాను. ఇళ్ళలో వంటగది బల్లకు స్లీపర్ చెక్క కొనాలనుకునేవాళ్ళు కూడా దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. మందు ఎక్కించని చెక్క అని రూఢిగా తెలిస్తేనే కొనండి. తారు వాసన కొంచెం ఉన్నా వదిలేయండి.

అదే చోట గోడ నిండా పాత టీ కంపెనీల ఎనామిల్ బోర్డులున్నాయి. అసలైన ఎనామిల్ అంటే ఇనుప రేకు మీద గాజు పొడిని కొలిమిలో కరిగించి అతికించినది. వేలితో తడిమితే అక్షరాల అంచు దగ్గర మందం తగులుతుంది. దెబ్బ తగిలిన చోట పెచ్చు ఊడి, లోపల ముదురు రంగు మచ్చలా తుప్పు కనిపిస్తుంది. అక్కడున్నవి రేకు మీద అచ్చు వేసినవి. తుప్పు కూడా అచ్చులో భాగమే.

రెండో బార్ చిన్నది. దానిలో నాకు నచ్చినది ఒక వాల్వు రేడియో. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన తరం మాది, కాబట్టి పెట్టె చూడగానే దగ్గరికి వెళ్ళాను. వెనక పలకలోంచి వేడి వస్తోంది. అంటే అది పనిచేస్తోంది. మీట తిప్పగానే పలకదు, వాల్వులు వేడెక్కే దాకా కాసేపు ఆగాలి, తర్వాత సన్నగా మొదలై గొంతు నిండుతుంది. కుర్ర యజమాని పాడైన కెపాసిటర్లను తానే మార్చుకున్నాడట. టేకు పలుచటి పొర అతికించిన పెట్టె అది. ఒక మూల పొర లేచింది. దాన్ని గోరువెచ్చని ఇస్త్రీ పెట్టెతో, మధ్యలో గుడ్డ వేసి ఎలా నొక్కాలో చెప్పాను. అతను ఫోనులో రాసుకున్నాడు. మర్నాడు ఫోటో పంపించాడు, బాగా కూర్చుంది. మెనూలో మక్క గుడాలు, సర్వపిండి కూడా ఉన్నాయి. సర్వపిండిని గిన్నెలోనే ఒత్తి, వేళ్ళతో రంధ్రాలు పెట్టి, ఆ రంధ్రాల్లో నూనె వేసి కాల్చారు. అడుగు ఎర్రగా, కరకరలాడుతూ ఉంది. రెట్రో అనే మాటకు నేను ఒప్పుకునే అర్థం ఈ రేడియో, ఈ గిన్నె. పాత వస్తువు పని మానకూడదు, దాన్ని పనిచేయించే మనిషి పక్కనే ఉండాలి.

ఈ కొత్త బార్లన్నింటి మీద నాకు ఒకే ఫిర్యాదు. వరంగల్‌లో పెట్టి బొంబాయి జ్ఞాపకాలు చూపిస్తున్నారు. 1934లో ఇక్కడ ఆజంజాహి మిల్లు మొదలైంది, నిజాం పెద్దకొడుకు పేరు మీద. దాని సైరన్‌ను బట్టి ఊరు నిద్ర లేచేది, షిఫ్టు వదిలితే చాయ్ హోటళ్ళు నిండేవి. అది మూతపడింది, భవనాలూ పోయాయి. ఆ మిల్లు ఫోటో ఒక్కటి కూడా ఏ గోడ మీదా లేదు. కొత్తవాడ నేతగాళ్ళ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెట్రో రెస్టారెంట్లలో బెంచీల మీద పరిచినవి మాత్రం యంత్రం మీద నేసి ఎక్కడి నుంచో వచ్చిన చారల బట్టలు. పెంబర్తి ఇత్తడి రేకు పని జనగామ పక్కనే ఉంది, దీపాల బుట్టలు వాళ్ళతో కొట్టించవచ్చు. నిర్మల్ కొయ్య పని, చేర్యాల నకాషీ బొమ్మలు కూడా రోజు ప్రయాణంలో తెచ్చుకునేంత దూరమే. మీ దుకాణంలో కొత్తవాడ జంపఖానా పరిస్తే అది నిజంగా పాతబడుతుంది. పదేళ్ళ తర్వాత దాని రంగు మీ గిరాకీల వల్ల వెలుస్తుంది. అచ్చు వేసిన తుప్పు పదేళ్ళయినా అలాగే ఉంటుంది.

కాగజ్‌నగర్ ప్రయాణం గురించి కొంచెం చెప్పాలి. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి దాటి వెళ్ళాం. కాగితం మిల్లు కోసం పుట్టిన ఊరు అది. మిల్లు 2014లో ఆగి, 2018లో మళ్ళీ తెరుచుకుంది. ఆ నాలుగేళ్ళూ గిరాకీ లేకపోయినా ఖాతాలు రాసుకుని చాయ్ పోసిన హోటలు ఒకటి చూశాం. ఉప్మాతో పాటు పోహా, ఆలూ వడ పెడతారు, మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే కదా. బెంచీలు మందపాటి టేకువి. ఒక చెక్కకు నాలుక చెక్కి, రెండో చెక్కకు గాడి తొలిచి, అడ్డంగా కొయ్య మేకు దిగ్గొట్టిన అతుకు. ఎక్కడా ఇనుము లేదు. ఇద్దరం ఒక చివరన కూర్చుంటే కూడా లేవలేదు, కదలలేదు. మా అబ్బాయి వంగి, నేను చెప్పకుండానే బెంచీ అడుగు చూశాడు.

స్టేషన్ రోడ్డు చాయ్ హోటల్ యజమాని తన వంపు కుర్చీల్లో రెండు నాకు అప్పగించాడు. కూర్చునే చోట పేము తెగి, కింద ప్లైవుడ్ ముక్క కొట్టి నడుపుతున్నాడు. ప్లైవుడ్ తీసేశాను, మరలు మార్చాను, చట్రం గట్టిగా ఉంది, అంచు చుట్టూ రంధ్రాలు శుభ్రం చేశాను. ఇక అల్లిక కావాలి. పేమును నీళ్ళలో నానబెట్టి, నిలువు, అడ్డం, రెండు ఐమూలలు అల్లితే ఆరేకొద్దీ బిగుసుకుని డప్పులా మోగాలి. ప్లాస్టిక్ తీగతో అల్లేవాళ్ళు దొరికారు, వద్దన్నాను. చెమట పీల్చదు, కొన్నాళ్ళకే సాగుతుంది. మేదరివాడలో వాకబు చేస్తే వెదురు పనివాళ్ళున్నారు కానీ ఈ అల్లిక తెలిసిన పెద్దాయనకు చూపు మందగించింది. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతానన్నాడు, నేర్చుకునేవాళ్ళు కావాలన్నాడు. నేను పేరిచ్చాను, ఐటీఐలో నా దగ్గర చదివిన ఇద్దరు కుర్రాళ్ళూ ఇచ్చారు. కరీంనగర్, మంచిర్యాల వైపు అసలైన పేము తొక్క కట్టలుగా అమ్మే దుకాణం మీకు తెలిస్తే చెప్పండి. రెండు నుంచి మూడు మిల్లీమీటర్ల వెడల్పు చాలు, రెండు కుర్చీలకు సరిపడా.